పేర్లు చదివిన ఆర్చ్‌బిషప్

నవంబర్ 2 దగ్గరపడుతోందంటే మా నాయనమ్మకు ఒకటే టెన్షన్. ఫాదర్‌గారు మా తాతయ్య పేరు చదువుతారా, చదవరా?

సమాధుల పండగ పూజలో ఊళ్లో చనిపోయినవాళ్ల పేర్లన్నీ చదవడం మా గుడిలో ఆచారం. వారం ముందు నుంచే ఇంటింటి నుంచి కాగితాలు వచ్చేవి. కవర్లో పదో ఇరవయ్యో పెట్టి పేర్లు రాసిచ్చేవాళ్లం. నాయనమ్మకు చదువు రాదు కాబట్టి రాసే పని నాది. తాతయ్య, తాతయ్య తమ్ముడు, ఆమె పుట్టింటివాళ్లు, పేరు పెట్టకముందే పోయిన ఇద్దరు బిడ్డలు. ఆ ఇద్దరినీ 'చినబాబు, చినపాప' అని రాయించేది. నాకు పన్నెండేళ్లప్పుడు ఒక కొత్త ఫాదర్‌గారు వచ్చారు. ఆ ఏడాది కాగితాలు ఎక్కువయ్యాయి. రెండు పేజీలు చదివి, గడియారం చూసుకుని, "మిగిలినవారందరి ఆత్మశాంతి కోసం కూడా ప్రార్థిద్దాం" అని ముగించేశారు. మావాళ్లు మూడో పేజీలో ఉన్నారు. నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "దేవుడికి తెలీదా అమ్మా" అని నాన్న సముదాయించబోతే, "దేవుడికి తెలుసులేరా, ఊరికి తెలియొద్దూ?" అంది.

చాలా ఏళ్ల తర్వాత, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశపు ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరో గురించి చదువుతుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. 2018 అక్టోబర్ 14న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. ఆ ఆదివారం మా గుడిలో ప్రసంగం చివర ఆయన గురించి మూడు వాక్యాలు చెప్పారు: పేదలను ప్రేమించాడు, సత్యం పలికాడు, బలిపీఠం దగ్గర ప్రాణాలర్పించాడు. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అనే ఊసే లేదు. విన్నవాళ్లు ఏ దొంగో వచ్చి కాల్చాడేమో అనుకున్నా తప్పులేదు.

ఇంకోవైపు, గోడల మీద, టీషర్టుల మీద చే గువేరా పక్కన కనిపించే రొమేరో ఉన్నాడు. ఆ బొమ్మ కథ కూడా చిన్నదే. పిరికి పుస్తకాల పురుగు, స్నేహితుడి శవం చూసి ఒక్క రాత్రిలో సింహమైపోయాడు, నియంతలను ఎదిరించాడు, నేలకొరిగాడు. మన సినిమాల్లో ఇంటర్వెల్‌కి హీరో మారినట్టు.

నాకు ఈ రెండు కథలతోనూ పేచీ ఉంది. ఆయన చేసిన అసలు పని వీరగాథలాంటిది కాదని నా వాదన. అది గుమాస్తా పని. ఎవరు చనిపోయారో కనుక్కోవడం, నిజమో కాదో విచారించడం, రాసుకోవడం, ఆదివారం పూజలో అందరికీ వినపడేట్టు చదవడం. మూడేళ్లపాటు ప్రతి వారం అదే చేశాడు. అది చేయడానికి సింహాలు పనికిరావు, చాదస్తులు కావాలి. ఆయన పుట్టుచాదస్తుడు.

1917 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండగనాడు, దేశానికి తూర్పున కొండల్లో ఉన్న సియుదాద్ బార్రియోస్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి టెలిగ్రాఫ్ ఆపరేటర్, ఊరి పోస్టు వ్యవహారం కూడా ఆయనదే. ఉత్తరాలు, టెలిగ్రాములు ఇంటింటికీ అందించడంలో పిల్లలు సాయపడేవారు. పిల్లవాడిని వడ్రంగం పనికి పెట్టారు. పదమూడేళ్లకు సెమినరీకి వెళ్లిపోయాడు. రోములో చదివి, యుద్ధం మధ్యలో 1942లో అక్కడే గురువు (ఫాదర్) అయ్యాడు. తిరుగు ప్రయాణంలో, ఫాసిస్టు ఇటలీ నుంచి వస్తున్నాడన్న అనుమానంతో క్యూబాలో నిర్బంధించారు కూడా. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా సాన్ మిగెల్ మేత్రాసనంలో, అంటే అక్కడి బిషప్ కిందుండే ప్రాంతంలో, పనిచేశాడు.

ఈ కాలమంతా ఆయన గురించి తెలిసేది ఒక్కటే: అతిజాగ్రత్త మనిషి. నియమం తప్పానేమో, పాపం చేశానేమో అని తనను తాను తినేసుకునే రకం. అందుకోసం మానసిక వైద్యుల్ని కూడా కలిశాడు. తాగే ఫాదర్లను, దుస్తులు సరిగా వేసుకోని ఫాదర్లను మందలించి వాళ్లతో పడేవాడు కాదు. 1970లో సాన్ సాల్వడార్‌కు సహాయ బిషప్‌గా వచ్చాక అగ్రపీఠం (ఆర్చ్‌బిషప్ మేత్రాసనం) నడిపే వారపత్రిక బాధ్యత చేపట్టాడు. యేసు సభ (జెస్యూట్) గురువుల బడిలో పిల్లలకు మార్క్సిజం నూరిపోస్తున్నారని అందులో రాయించాడు. ఇలాంటి మనిషి మా గుడి ఫాదర్ అయితే ఆయనకు కనపడకుండా పక్క సందులోంచి వెళ్లేవాణ్ణి.

దేశం సంగతి కాస్త చెప్పాలి. కాఫీ తోటలున్న కొద్ది కుటుంబాల చేతుల్లో భూమంతా ఉండేది. 'పద్నాలుగు కుటుంబాలు' అని జనం వాడుక. వాళ్లకు కాపలా సైన్యం. 1932లో పడమటి జిల్లాల్లో రైతులు తిరగబడితే సైన్యం ఊచకోత కోసింది. పదివేలమంది అంటారు, ముప్పైవేలమంది అంటారు. ఎవరెవరు పోయారన్నది ఎవరూ రాసిపెట్టలేదు. రాయడానికే జనం భయపడ్డారు. పదివేలకూ ముప్పైవేలకూ మధ్య ఇరవైవేలమంది ఉన్నారా లేరా అని చరిత్రకారులు వాదించుకోవాల్సిన పరిస్థితి అలా వచ్చింది. అప్పటికి రొమేరో వయసు పద్నాలుగేళ్లు.

1975 జూన్‌లో, ఆయన సాంతియాగో దె మరియ బిషప్‌గా ఉన్నప్పుడు, ఆయన మేత్రాసనంలోని త్రెస్ కాయెస్ అనే పల్లెలో నేషనల్ గార్డ్ సైనికులు రైతుల ఇళ్ల మీద పడి చంపారు. రొమేరో వెళ్లి కుటుంబాలను ఓదార్చాడు. తర్వాత ఏం చేశాడు? దేశాధ్యక్షుడు మోలీనాకు ఒక ఉత్తరం రాశాడు. ప్రైవేటుగా. ఇద్దరికీ పరిచయం ఉంది కదా, చెబితే వింటాడని నమ్మాడు. బహిరంగంగా ఒక్క మాట అనలేదు. ఈ ఉత్తరం గురించి రొమేరో భక్తులు కాస్త ఇబ్బందిగా మాట్లాడతారు. నాకు మాత్రం తర్వాత వచ్చిన రొమేరో మొదట కనపడేది ఇక్కడే. జరిగినదాన్ని కాగితం మీద పెట్టాడు. పంపిన చిరునామా తప్పింది, అంతే.

1977 ఫిబ్రవరి 22న ఆయన సాన్ సాల్వడార్ ఆర్చ్‌బిషప్ అయ్యాడు. తోటల యజమానులు సంతోషించారు. సహాయ బిషప్ రివేరా దామాస్ ఆ పదవికి వస్తాడని ఆశపడిన గురువులు తలలు పట్టుకున్నారు. మూడు వారాలు తిరక్కుండానే, మార్చి 12న, యేసు సభ గురువు రుతీలియో గ్రాందెను దారికాచి కాల్చి చంపారు. అగిలారెస్ నుంచి ఎల్ పైస్నాల్ అనే ఊరికి సాయంత్రం పూజ చెప్పడానికి వెళ్తున్నాడు. ఆయన రొమేరోకు పాత స్నేహితుడు.

ఆ బండిలో మరో ఇద్దరు చనిపోయారు. మాన్యుయెల్ సొలోర్సానో, డెబ్బై దాటిన ముసలాయన. నెల్సన్ రుతీలియో లెముస్, పదిహేను పదహారేళ్ల కుర్రాడు. ఈ సంఘటన గురించి నేను చదివిన మొదటి నాలుగైదు వ్యాసాల్లో వీళ్లు 'మరో ఇద్దరు' మాత్రమే. ఇప్పుడు నేను కూడా మొదట అలాగే రాశాను, చూశారా.

ఆ రాత్రి రొమేరో అగిలారెస్ వెళ్లి ముగ్గురి శవాల ముందు పూజ చెప్పాడు. మార్చి 20 ఆదివారం అగ్రపీఠం మొత్తానికి ఒకే ఒక్క పూజ ఉంటుందని, అది కతీడ్రల్ (ఆర్చ్‌బిషప్ ప్రధాన గుడి) ముందేనని ప్రకటించాడు. వాటికన్ రాయబారి వద్దన్నా వినలేదు. లక్షమంది వరకు వచ్చారు. హత్య మీద విచారణ జరిగేదాకా ప్రభుత్వ కార్యక్రమాలకు రానన్నాడు. జూలై 1న కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి వెళ్లలేదు.

కథలు ఇక్కడ 'మారిపోయాడు' అంటాయి. మారాడు, కాదనను. నియమం తప్పకూడదన్న ఆ చాదస్తం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంతకాలం దాన్ని గురువుల బట్టల మీద వాడాడు, ఇప్పుడు హత్యల మీద వాడటం మొదలుపెట్టాడు. యేసు సభ బడిలో పేదలకోసం నడిచే న్యాయసహాయ కేంద్రాన్ని అగ్రపీఠం కిందికి తెచ్చుకున్నాడు. కుర్ర లాయర్లు, లా విద్యార్థులు అక్కడ పనిచేసేవారు. బిడ్డ కనపడటం లేదని, మొగుణ్ణి ఎత్తుకెళ్లారని వచ్చిన ఆడవాళ్లు చెప్పినదాన్ని పేరు, ఊరు, తేదీ, ఎవరు తీసుకెళ్లారు, చూసిందెవరు అని రాసేవారు. 1977 చివర్లో ఆయన అండతోనే అలాంటి తల్లుల కమిటీ ఒకటి ఏర్పడింది. అంతకుముందు జూన్‌లో, సైన్యం బ్యారక్సుగా వాడుకున్న అగిలారెస్ గుడిని తిరిగి తెరిచినప్పుడు, హింసించబడినవాళ్లనూ శవాలనూ ఏరుకుంటూ తిరగడమే నా వంతుకు వచ్చిన పని అన్నాడు. అందులో అలంకారం ఏమీ లేదు. ఆయన నిజంగా చేస్తున్న ఉద్యోగం అదే.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి కతీడ్రల్ పూజ, అగ్రపీఠం రేడియో వైఎస్ఏఎక్స్‌లో ప్రత్యక్ష ప్రసారం. ప్రసంగం గంటకు తక్కువ ఉండేది కాదు, గంటన్నర కూడా పట్టేది. ముందు ఆ రోజు వాక్యం, దాని వివరణ. తర్వాత 'ఈ వారం సంగతులు'. జనం ఎదురుచూసేది దానికోసం. పత్రికలు రాయని వార్తలు అక్కడ వచ్చేవి. ఫలానా ఊరి ఫలానావాణ్ణి ఫలానా రోజు సైనికులు తీసుకెళ్లారు, ఇంతవరకు తిరిగిరాలేదు. వీధిలో నడిచివెళ్తే ఇంటింటి రేడియోలోంచి ప్రసంగం ఒక్క ముక్క పోకుండా వినొచ్చని చెప్పుకునేవారు.

ఆ జాబితాలో ఏ పక్షంవాళ్లు ఉండాలన్న లెక్క ఆయనకు లేదు. 1977లో వామపక్ష గెరిల్లాలు విదేశాంగ మంత్రి మౌరీసియో బోర్గోనోవోను ఎత్తుకెళ్లి చంపినప్పుడు, విడిచిపెట్టమని అంతకుముందు బతిమాలినవాడూ, మే 11న అంత్యక్రియల పూజ చెప్పినవాడూ రొమేరోనే. అదే రోజు, ప్రతీకారంగా, అల్ఫోన్సో నవార్రో అనే ఫాదర్‌ను కాల్చేశారు. 'దేశసేవ చెయ్యి, ఒక ఫాదర్‌ను చంపు' అని కరపత్రాలు తిరిగిన కాలం అది.

నన్ను బాగా కలవరపెట్టిన విషయం ఇప్పుడు చెప్పాలి. అదే దేశంలో ఇంకొకాయన కూడా పేర్లు చదివేవాడు.

మేజర్ రొబెర్తో దౌబ్విసోన్, సైనిక గూఢచారి విభాగంలో పనిచేసినవాడు. అక్కడి ఫైళ్లు దగ్గర పెట్టుకుని 1980 మొదట్లో టీవీలో కనపడేవాడు. వీళ్లు కమ్యూనిస్టులు, వీళ్లు దేశద్రోహులు అని పేర్లు, ఫొటోలతో సహా చెప్పేవాడు. అలా పేరు చెప్పినవాళ్లలో ప్రభుత్వ న్యాయవాది మారియో సమోరా ఒకడు. ఫిబ్రవరి 23న అతన్ని ఇంట్లోనే చంపేశారు. రేడియోలో ఆదివారంనాడు చచ్చిపోయినవాళ్ల పేర్లు. టీవీలో చావబోయేవాళ్ల పేర్లు. మార్చి 9న సమోరా కోసం రొమేరో పూజ చెప్పిన బసిలికాలో, మర్నాడు ఒక సూట్‌కేసు దొరికింది. అందులో 72 డైనమైట్ కడ్డీలు. పేలలేదు.

తోటి బిషప్పులు ఏం చేస్తున్నట్టు? దేశంలో ఉన్న బిషప్పుల్లో ఆయన పక్షాన గట్టిగా నిలబడింది రివేరా దామాస్ ఒక్కడే. మిగతావాళ్లు ఆయన మీద రోముకు నివేదికలు పంపారు, ఆయన విశ్వాసులకు రాసిన కాపరి లేఖకు వ్యతిరేకంగా ఇంకో ప్రకటన ఇచ్చారు. 1979 మే నెలలో పోప్ రెండో జాన్ పాల్‌ను కలిసినప్పుడు హతుల వివరాల కాగితాలన్నీ మోసుకెళ్లాడు. ప్రభుత్వంతో పొందిక చూసుకోమన్న సలహా దక్కింది. తన మీద వెళ్లిన ఫిర్యాదులు ఎంత పనిచేశాయో అర్థమై దిగులుపడ్డానని డైరీలో చెప్పుకున్నాడు. 'రాసుకున్నాడు' అనకపోవడానికి కారణం ఉంది. ఆ డైరీని ఆయన క్యాసెట్లలో మాట్లాడి రికార్డు చేశాడు. న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి: 1980 జనవరిలో మళ్లీ కలిసినప్పుడు పోప్ ఆయనతో ఆప్యాయంగానే మాట్లాడారు. 1983లో ఆ దేశం వచ్చినప్పుడు కతీడ్రల్ తాళం తీయించి మరీ సమాధి దగ్గర మోకరించారు.

1980 ఫిబ్రవరి 17న రొమేరో అమెరికా అధ్యక్షుడు కార్టర్‌కు రాసిన ఉత్తరాన్ని పూజలో చదివి వినిపించాడు: మా సైన్యానికి ఆయుధ సాయం చేయొద్దు. ఈసారి ఉత్తరం ప్రైవేటు కాదు. ఆ వెంటనే రేడియో స్టేషన్‌ను బాంబులతో పేల్చేశారు. మార్చి 23న, ప్రసంగం చివర, మామూలు సైనికులతో నేరుగా మాట్లాడాడు. మీరు చంపుతున్నది మీ సొంత రైతు సోదరుల్నే. దేవుని ఆజ్ఞకు విరుద్ధమైన ఉత్తర్వును ఏ సైనికుడూ పాటించనక్కర్లేదు. దేవుని పేరిట బతిమాలుతున్నాను, ఆజ్ఞాపిస్తున్నాను, ఈ అణచివేత ఆపండి. ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్నది ఈ మాటల్ని. అంతకుముందు గంటకు పైగా ఆయన ఏం చెప్పాడో ఎవరూ గుర్తుచేయరు. ఆ వారం ఎక్కడెక్కడ ఎవరెవరు చనిపోయారో చెప్పుకొచ్చిన తర్వాతే ఆ ఆజ్ఞ వచ్చింది. మూడేళ్ల జాబితా లేకుండా ఆ వాక్యాన్ని ఇంకే బిషప్ పలికినా అది మంచి ఉపన్యాసం అయ్యేది, అంతే. సైన్యం పట్టించుకునేది కాదు.

మర్నాడు మార్చి 24, సోమవారం. ఆయన బిషప్ బంగళాలో ఉండేవాడు కాదు, సిస్టర్లు నడిపే దివీన ప్రొవిదెన్సియా క్యాన్సర్ ఆసుపత్రి ఆవరణలో చిన్న ఇంట్లో ఉండేవాడు. సాయంత్రం ఆ ఆసుపత్రి చాపెల్‌లోనే పూజ. ఒక పత్రికా సంపాదకుడి తల్లి, సారా పింతో, చనిపోయి ఏడాది అయింది. ఆమె కోసం కుటుంబం చెప్పించుకున్న పూజ అది. ఎవరు చెబుతారో, ఎక్కడో, ఎన్నింటికో ఆ రోజు పేపర్లలో ప్రకటన కూడా వేశారు. మన ఊళ్లలో సంవత్సరీకం పూజ చెప్పించినట్టే. ప్రమాదం, రావద్దని చెప్పినవాళ్లున్నా ఒప్పుకున్న పూజ మానలేదు. భూమిలో పడి చచ్చే గోధుమ గింజ గురించిన సువార్త మీద ప్రసంగం ముగించి బలిపీఠం దగ్గరికి జరిగాడు. తలుపు దగ్గర ఆగిన కారులోంచి ఒక్కటే తూటా.

30వ తేదీన అంత్యక్రియల్లో కతీడ్రల్ ముందు బాంబు పేలింది, కాల్పులు జరిగాయి, తొక్కిసలాటలో పదులకొద్దీ జనం చనిపోయారు. దేశంలోని తోటి బిషప్పుల్లో వచ్చింది రివేరా దామాస్ ఒక్కడే. తర్వాత పన్నెండేళ్ల అంతర్యుద్ధం, 75 వేలమంది మృతులు. 1993లో ఐక్యరాజ్యసమితి సత్యశోధన కమిషన్ రొమేరో హత్యకు ఉత్తర్వు ఇచ్చింది దౌబ్విసోనేనని తేల్చింది. అప్పటికి అతను తాను స్థాపించిన పార్టీని అధికారం దాకా తెచ్చి, క్యాన్సర్‌తో చనిపోయాడు. నివేదిక వచ్చిన వారం లోపే పార్లమెంటు క్షమాభిక్ష చట్టం చేసేసింది. ఆ హత్యకు ఎల్ సాల్వడార్ కోర్టుల్లో ఎవరికీ శిక్ష పడలేదు. దేశపు ప్రధాన విమానాశ్రయానికి మాత్రం రొమేరో పేరు పెట్టారు.

"మరి పేర్లు చదివి ఏం లాభం? ఒక్క ప్రాణమైనా ఆగిందా?" అని ఒక స్నేహితుడు అడిగాడు. ఆగలేదేమో. చావులు ఆయన తర్వాత ఇంకా పెరిగాయి. నేను ఎల్ మొసోతే గురించి చెప్పాను. 1981 డిసెంబర్‌లో సైన్యం ఆ గ్రామంలో, చుట్టుపక్కల పల్లెల్లో వెయ్యిమందికి దగ్గరగా చంపింది, చాలామంది పిల్లలు. అలాంటిదేమీ జరగలేదని ప్రభుత్వం బుకాయించింది, అమెరికా వంతపాడింది. రొమేరో తర్వాత ఆర్చ్‌బిషప్ అయిన రివేరా దామాస్ నడిపిన అగ్రపీఠం న్యాయ కార్యాలయం, మరియ హూలియ హెర్నాందెస్ అనే ఆవిడ ఆధ్వర్యంలో, బతికి బయటపడ్డవాళ్ల దగ్గర కూర్చుని కుటుంబం తర్వాత కుటుంబం పేర్లు రాసుకుంది. 2016లో క్షమాభిక్ష చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేశాక ఆ కేసు మళ్లీ తెరుచుకుంది. 1932లా 'పదివేలో ముప్పైవేలో' అని చేతులు దులుపుకోవడం ఈసారి కుదర్లేదు. పేర్లున్నాయి.

అంత పని చేసిన ఆ కార్యాలయాన్ని 2013లో మూసేసింది ఎవరో తెలుసా? సాన్ సాల్వడార్ అగ్రపీఠమే. ఉద్యోగులు పొద్దున పనికి వచ్చేసరికి తాళాలు మార్చి ఉన్నాయి. ఆ తర్వాత రెండేళ్లకే అదే నగరంలో రొమేరోను ధన్యజీవిగా (పునీతుడు కావడానికి ముందు మెట్టు) ప్రకటించే పండగ, లక్షల జనం. నాకు మండేది ఇక్కడే. బొమ్మకు దండ వేయడం తేలిక, ఫైళ్లను కాపాడటం కష్టం. ఆయన్ని చంపాక కూడా తోటి గురువులు, బిషప్పులే నోటితో రాళ్లు వేశారని పోప్ ఫ్రాన్సిస్ 2015లో బహిరంగంగా అన్నారు. ఫైళ్ల గురించి కూడా ఒక మాట అని ఉంటే బాగుండేది.

మధ్యలో ఒక చిన్న సంగతి. 'రొమేరో ప్రార్థన' అని గుళ్లలో, వాట్సాప్‌లో తిరిగేది ఒకటుంది, మనది కాని భవిష్యత్తుకు మనం ప్రవక్తలం అంటూ. అది రొమేరో రాసింది కాదు. అమెరికాలో కెన్ అంటెనర్ అనే గురువు, తర్వాత బిషప్ అయినాయన, 1979లో రాసింది. పేర్లు సరిగ్గా చెప్పాలని ప్రాణం పెట్టిన మనిషికి ఇంకొకరి పేరుమీద ఉండాల్సింది అంటగట్టాం.

2022 జనవరిలో రుతీలియో గ్రాందెను ధన్యజీవిగా ప్రకటించినప్పుడు, ఆయనతో పాటు మాన్యుయెల్, నెల్సన్‌ల పేర్లూ చదివారు. నలభై ఐదేళ్లు పట్టింది.

మా నాయనమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. కిందటి నవంబర్‌లో ఊరికి వెళ్లాను. పొద్దున సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, సాయంత్రం పూజకు కూర్చున్నాం. ఈమధ్య పేర్లు చదివే పని ఇంటర్ చదివే ఒక అమ్మాయికి ఇచ్చారు. పూజకు ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, "తొందరపడొద్దమ్మా, అన్నీ చదువు" అన్నాను. ఐదు పేజీలు. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. ఫాదర్‌గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు, ఏమీ అనలేదు. నాలుగో పేజీలో నాయనమ్మ వచ్చింది. ఆమె కింద తాతయ్య, తాతయ్య తమ్ముడు, చినబాబు, చినపాప.